చలికాలంలో బాయిలర్ మొరాయిస్తే: ఏ లోపం ఇబ్బంది, ఏ లోపం ప్రమాదం?

బ్రిటన్‌లో జనవరి నెల. రాత్రంతా ఉష్ణోగ్రత సున్నాకు దిగువనే ఉంది. తెల్లవారేసరికి ఇల్లంతా చల్లబడింది. గోడకున్న రేడియేటర్‌ను తాకితే చెయ్యి జివ్వుమంటోంది. వంటగది అల్మరాలో ఉన్న బాయిలర్ తెర మీద ఏదో కోడ్ మెరుస్తోంది. పైచదువులకో, ఉద్యోగానికో హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి వెళ్లి అక్కడ అద్దె ఇంట్లో ఉంటున్నవారికి ఎప్పుడైనా ఎదురుకాగల ఉదయం ఇది.

మన ఇంట్లో గీజర్ పాడైతే ఆ పూటకు పొయ్యి మీద నీళ్లు కాచుకుంటాం. అక్కడ బాయిలర్ ఆగితే స్నానానికి వేడినీళ్లతో పాటు ఇంటి వెచ్చదనమూ పోతుంది. పసిపిల్లలు, వృద్ధులు, ఉబ్బసం ఉన్నవారు ఇంట్లో ఉంటే అది ఆరోగ్య సమస్య అవుతుంది. ఇళ్లలో ఉష్ణోగ్రత కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది.

అయితే బాయిలర్ లోపాలన్నీ ఒకటి కావు. కొన్ని లోపాల వల్ల బాయిలర్ ఆగిపోతుంది. అది ఇబ్బంది. మరికొన్ని లోపాలున్నా బాయిలర్ ఆగకుండా మండుతూనే ఉంటుంది. అది ప్రమాదం. ఈ రెండింటి తేడా తెలియాలంటే ఆ పెట్టె లోపల జరిగే భౌతికశాస్త్రం కొంత తెలియాలి.

బాయిలర్ చేసే పని

పేరు బాయిలర్ అయినా ఇది నీటిని మరిగించదు. సహజ వాయువును మండించి, ఆ వేడిని హీట్ ఎక్స్ఛేంజర్ అనే లోహ భాగం ద్వారా నీటికి అందిస్తుంది. ఒక పంపు ఆ నీటిని గొట్టాల గుండా గదుల్లోని రేడియేటర్లకు తిప్పుతుంది. చల్లబడిన నీరు మళ్లీ బాయిలర్‌కు చేరుతుంది. ఇది మూసి ఉన్న వలయం. ఒకే నీరు ఏళ్ల తరబడి అందులో తిరుగుతూ ఉంటుంది. కుళాయికి వచ్చే వేడినీరు వేరు. ఆ నీరు ఈ నీటితో కలవదు, దాని వేడిని మాత్రమే తీసుకుంటుంది.

సహజ వాయువులో ప్రధానంగా ఉండేది మీథేన్. అది పూర్తిగా మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. పాఠశాలలో చదివిన రసాయన సమీకరణం ప్రకారం 16 గ్రాముల మీథేన్ మండితే 36 గ్రాముల నీరు ఏర్పడుతుంది. అంటే ఒక కిలో వాయువుకు రెండుంపావు కిలోల నీరు! చలికాలంలో బాయిలర్ పొగగొట్టం నుంచి తెల్లగా వచ్చేదాన్ని చాలామంది పొగ అనుకుంటారు. నిజానికి అది చాలావరకు ఈ నీటి ఆవిరి చల్లబడి ఏర్పడిన తుంపరలే.

ఆవిరిలో దాగిన వేడి

స్కాట్లాండ్‌కు చెందిన జోసెఫ్ బ్లాక్ 1760ల మొదట్లో గ్లాస్గోలో చేసిన ప్రయోగాలలో ఒక విషయం గుర్తించారు. మరుగుతున్న నీరు ఆవిరిగా మారేటప్పుడు బోలెడంత వేడిని తీసుకుంటుంది, అయినా దాని ఉష్ణోగ్రత పెరగదు. ఆ వేడి ఆవిరిలో దాగి ఉంటుంది. దాన్నే గుప్తోష్ణం అంటాం. కిలో నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 420 కిలోజౌళ్ల శక్తి చాలు. అదే నీటిని 100 డిగ్రీల వద్ద ఆవిరిగా మార్చాలంటే సుమారు 2,260 కిలోజౌళ్లు కావాలి. అంటే అయిదు రెట్లకు మించి.

పాతకాలపు బాయిలర్లు ఈ ఆవిరిని అలాగే బయటికి వదిలేసేవి. దానితో పాటు మీథేన్ ఇచ్చే మొత్తం శక్తిలో దాదాపు పదో వంతు గాలిలో కలిసిపోయేది. కండెన్సింగ్ బాయిలర్లు ఆ ఆవిరిని లోపలే చల్లబరిచి, నీరుగా మార్చి, గుప్తోష్ణాన్ని తిరిగి రాబట్టుకుంటాయి. ఇంగ్లాండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ ఈ రకానివే కావాలని నిబంధన వచ్చింది.

ఇక్కడ ఒక షరతు ఉంది. పొగలోని ఆవిరి నీరుగా మారడం సుమారు 55 డిగ్రీల వద్ద మొదలవుతుంది. కాబట్టి రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చే నీరు అంతకంటే చల్లగా ఉండాలి. బాయిలర్‌ను 75, 80 డిగ్రీల మీద పెట్టి నడిపితే తిరిగివచ్చే నీరు కూడా వేడిగానే ఉంటుంది, ఆవిరి ఆవిరిగానే పోతుంది. కండెన్సింగ్ బాయిలర్ కొన్నా ఆ లాభం దక్కదు. వేడినీటి ట్యాంకు లేని ఇళ్లలో రేడియేటర్ల నీటిని 60 డిగ్రీలకు తగ్గించమని నిపుణులు చెప్పేది ఇందుకే. ట్యాంకు ఉన్న ఇళ్లలో మాత్రం నిల్వనీటిలో లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా అందులోని నీరు 60 డిగ్రీలకు చేరాలి. అందువల్ల అక్కడ ఈ మార్పును నిపుణుడిని అడిగే చేయాలి.

లాభం తెచ్చిన నీరే గడ్డకడితే

అలా నీరుగా మారిన ఆవిరి ఎక్కడికి పోవాలి? పొగలోని వాయువులు కరగడంతో ఆ నీటికి కొద్దిగా ఆమ్లగుణం వస్తుంది. అందుకే దాన్ని లోహపు గొట్టంలో కాకుండా ప్లాస్టిక్ గొట్టంలో మురుగు కాలువకు పంపుతారు. చాలా ఇళ్లలో ఈ గొట్టం గోడ దాటి కొంత దూరం ఆరుబయట నడుస్తుంది. గొట్టం సన్నం, అందులో ప్రవాహం కొద్దిగా, ఆగి ఆగి. గడ్డకట్టే చలిలో ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. గొట్టం లోపలి గోడకు పొరలు పొరలుగా మంచు పేరుకుని చివరికి దారి మూసుకుపోతుంది. నీరు వెనక్కి మళ్లి బాయిలర్‌లోకి చేరుతుంది. గుడగుడమని శబ్దం వస్తుంది. ప్రమాదం గుర్తించిన నియంత్రణ వ్యవస్థ గ్యాస్‌ను ఆపేస్తుంది.

2010 డిసెంబర్ బ్రిటన్‌లో వందేళ్లలోకెల్లా అత్యంత చల్లని డిసెంబర్. ఆ నెలలో పెద్ద సంఖ్యలో ఇళ్లలో బాయిలర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. యంత్రాలు బాగానే ఉన్నాయి, గొట్టాలే గడ్డకట్టాయి. ఆ అనుభవం తర్వాత బయట నడిచే గొట్టం వీలైనంత పొట్టిగా, కనీసం 30 మిల్లీమీటర్ల వెడల్పుతో, వాతావరణాన్ని తట్టుకునే ఉష్ణరోధక తొడుగుతో ఉండాలనే జాగ్రత్తలు బలపడ్డాయి.

ఇంట్లోవాళ్లు సొంతంగా చేసుకోగల మరమ్మతుల్లో ఇది ఒకటి. నేల మీద నిలబడి అందుకోగలిగిన ఎత్తులో గొట్టం ఉంటేనే ప్రయత్నించాలి. నిచ్చెన ఎక్కకూడదు. గోరువెచ్చని నీటిని గొట్టం పైభాగాన పోయాలి, లేదా వేడినీటి సంచిని కాసేపు ఆనించి ఉంచాలి. మరిగే నీరు వద్దు, ప్లాస్టిక్ పగులుతుంది, చేతులూ కాలతాయి. కింద పడిన నీరు గడ్డకట్టి కాలు జారే అవకాశం ఉంది కాబట్టి అక్కడ ఉప్పు చల్లడం మంచిది. మంచు కరిగాక బాయిలర్ మీద రీసెట్ మీట నొక్కితే చాలాసార్లు మళ్లీ వెలుగుతుంది.

పీడనం, గాలి, బురద, సున్నం

గడ్డకట్టిన గొట్టం కాకపోతే చూడవలసింది పీడనం చూపే ముల్లు. నీరు చల్లగా ఉన్నప్పుడు అది సాధారణంగా 1 నుంచి 1.5 బార్ల మధ్య ఉండాలి. మరీ తగ్గితే బాయిలర్ వెలగడానికి నిరాకరిస్తుంది. తగినంత నీరు లేకుండా మంట వెలిగితే హీట్ ఎక్స్ఛేంజర్ మాడిపోతుంది కదా! పీడనం 3 బార్లు దాటితే రక్షక వాల్వు తెరుచుకుని నీటిని బయటికి వదులుతుంది. మన ప్రెషర్ కుక్కర్ మీది సేఫ్టీ వాల్వు లాంటిదే ఇది.

నీటిని 10 నుంచి 70 డిగ్రీలకు వేడి చేస్తే అది 2 శాతానికి పైగా వ్యాకోచిస్తుంది. వలయంలో 100 లీటర్లుంటే రెండు లీటర్లకు పైగా అదనపు చోటు కావాలి. నీటిని నొక్కి కుదించలేం. అందుకే రబ్బరు పొరకు అవతల గాలి నింపిన ఒక చిన్న డబ్బా ఉంటుంది. నీరు పెరిగినప్పుడు ఆ గాలి కుంచించుకుని చోటిస్తుంది. డబ్బాలో గాలి పోతే వేడెక్కినప్పుడు ముల్లు మూడు దాకా ఎగబాకుతుంది, వాల్వు నీటిని వదిలేస్తుంది, చల్లారాక ముల్లు సున్నాకు పడిపోతుంది. ముల్లు ఇలా ఊగిసలాడుతుంటే లోపం ఎక్కడుందో మెకానిక్‌కు ఇట్టే తెలుస్తుంది.

ఎప్పుడో ఒకసారి పీడనం తగ్గితే బాయిలర్‌తో వచ్చిన పుస్తకంలో చెప్పిన ప్రకారం నీరు నింపుకోవచ్చు. వారానికోసారి నింపాల్సి వస్తుంటే ఎక్కడో కారుతోందని అర్థం. పైగా ప్రతిసారీ కొత్త నీటితో పాటు కొత్త ఆక్సిజన్ లోపలికి వెళుతుంది, ఉక్కు రేడియేటర్లు తుప్పు పట్టడం పెరుగుతుంది.

రేడియేటర్‌ను చేత్తో తాకి చూసినా కొంత తెలుస్తుంది. పైభాగం చల్లగా, కిందిభాగం వేడిగా ఉంటే లోపల వాయువు చేరిందని అర్థం. పక్కనున్న చిన్న మరను తాళంచెవితో కాస్త వదులు చేసి దాన్ని పంపించేయవచ్చు. ఆ సమయంలో దగ్గర అగ్గిపుల్ల, సిగరెట్ ఉండకూడదు. ఉక్కు తుప్పు పట్టేటప్పుడు హైడ్రోజన్ కూడా వెలువడుతుంది కాబట్టి లోపల ఉన్నది ఉత్త గాలే అనుకోవడానికి లేదు. పైన వేడిగా, కింద మధ్యలో చల్లగా ఉంటే నల్లటి తుప్పు బురద అడుగున పేరుకుందన్నమాట. అది మెకానిక్ కడగవలసిన పని.

బాయిలర్ నుంచి కెటిల్‌లో నీళ్లు మరిగినట్లు శబ్దం వస్తుంటే హీట్ ఎక్స్ఛేంజర్‌లో సున్నపు పొర కట్టి ఉండవచ్చు. లండన్ నీరు కఠిన జలం. నీరు వేడెక్కేకొద్దీ అందులోని కాల్షియం కార్బొనేట్ కరిగి ఉండలేక లోహానికి అంటుకుంటుంది. పొర అడుగున చిక్కుకున్న నీరు అక్కడికక్కడే మరిగి ఆ శబ్దం చేస్తుంది. బోరునీళ్లు వాడే మన ఇళ్లలో గీజర్ కాయిల్‌కు తెల్లగా పేరుకునేది కూడా ఇదే.

ఆగిపోవడమూ రక్షణే

బాయిలర్ తన మంటను ఎలా గమనిస్తుందో చూస్తే ఈ ఆగిపోవడం అర్థమవుతుంది. మంటలో విద్యుదావేశం ఉన్న అయాన్లు ఉంటాయి. కాబట్టి మంట గుండా అతి స్వల్ప విద్యుత్తు ప్రవహించగలదు. మంటలో ఉంచిన ఒక లోహపు కడ్డీకి ఏసీ విద్యుత్తును ఇస్తే, మంట దాన్ని ఒకే దిశలో ఎక్కువగా ప్రవహించనిస్తుంది. ఆ మైక్రో ఆంపియర్ల ప్రవాహం ఉన్నంతసేపే గ్యాస్ వాల్వు తెరిచి ఉంటుంది. మంట ఆరిపోతే ప్రవాహం ఆగుతుంది, వాల్వు వెంటనే మూసుకుంటుంది. కొన్నిసార్లు మళ్లీ వెలిగించడానికి ప్రయత్నించి, కుదరకపోతే బాయిలర్ తనను తాను తాళం వేసుకుంటుంది. తెర మీది కోడ్ ఆ తాళానికి కారణం చెబుతుంది.

కాబట్టి ఆగిపోయిన బాయిలర్ తన పని తాను సరిగ్గా చేసినట్లే. రీసెట్ మీట ఒకసారి, రెండుసార్లు నొక్కవచ్చు. అప్పటికీ ఆగిపోతుంటే పదే పదే నొక్కడం అంటే కాపలాదారు వద్దంటున్నా లోపలికి తోసుకుపోవడమే. పైకప్పు విప్పడం అసలే పనికిరాదు. బ్రిటన్‌లో గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన మెకానిక్ మాత్రమే గ్యాస్ పరికరాల పని చేయాలి. అద్దె ఇళ్లలో ఏడాదికోసారి గ్యాస్ పరికరాలను తనిఖీ చేయించి, ఆ పత్రం అద్దెకున్నవారికి ఇవ్వడం ఇంటి యజమాని చట్టబద్ధమైన బాధ్యత.

కనపడని ప్రమాదం

ఇప్పుడు రెండో రకం లోపం. పొగగొట్టాన్ని మంచు కప్పేసినా, అందులో పక్షి గూడు కట్టినా, గాలి, గ్యాస్‌ల పాళ్లు తప్పినా మంట ఆరిపోకపోవచ్చు. కానీ తగినంత ఆక్సిజన్ అందక మీథేన్ సగం సగం కాలుతుంది. అప్పుడు వచ్చేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. దాని సాంద్రత దాదాపు గాలి సాంద్రతే కాబట్టి నేలకు దిగదు, గదంతా కలిసిపోతుంది.

రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకున్నదానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నరకు తగ్గుతుంది.

జాన్ స్కాట్ హాల్డేన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1890లలో బ్రిటన్ బొగ్గు గనుల మరణాలను పరిశీలించారు. పేలుళ్ల తర్వాత చాలామంది ప్రాణాలు తీసింది మంటలు కావని, ఈ వాయువేనని చూపారు. స్వయంగా దాన్ని పీల్చి తన రక్తాన్ని పరీక్షించుకున్నారు. ముందస్తు హెచ్చరిక కోసం గనుల్లోకి చిన్న పక్షులను తీసుకెళ్లమని సూచించినదీ ఆయనే. తండ్రి ప్రయోగాలలో చిన్ననాటి నుంచే పాల్గొన్న కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ తర్వాత భారత పౌరుడై 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. వైద్య విద్యార్థుల కోసం తన దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చారు.

మోనాక్సైడ్ లక్షణాలు తలనొప్పి, తలతిరగడం, వికారం, నీరసం. జ్వరం ఉండదు కానీ ఫ్లూలాగే అనిపిస్తుంది. ఇంట్లో అందరికీ ఒకేసారి రావడం, బయటికి వెళితే తగ్గి ఇంటికి రాగానే మళ్లీ మొదలవడం అనుమానించవలసిన గుర్తులు. కోవిడ్ కాలంలో కొనుక్కున్న పల్స్ ఆక్సిమీటర్‌ను ఇక్కడ నమ్మకూడదు. అది కాంతి ఆధారంగా పనిచేస్తుంది. మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎర్రని కాంతికి దాదాపు ఆక్సిజన్ పట్టుకున్నదానిలాగే కనిపిస్తుంది. మనిషి ప్రమాదంలో ఉన్నా 98 అని చూపవచ్చు. రక్తపరీక్షే దారి, కాబట్టి వైద్యుడికి అనుమానం స్పష్టంగా చెప్పాలి.

వంద రూపాయల్లో వచ్చే పరిహారం కాకపోయినా, మోనాక్సైడ్ అలారం కొనదగిన పరికరం. ఇంగ్లాండ్‌లో 2022 అక్టోబర్ నుంచి, బాయిలర్ వంటి ఇంధనం మండే స్థిర పరికరం ఉన్న నివాసపు గదిలో దాన్ని అమర్చడం అద్దె ఇంటి యజమానికి తప్పనిసరి. వంట పొయ్యికి మాత్రం ఈ నిబంధన లేదు. అలారం మోగితే పరికరం కట్టేసి, కిటికీలు తెరిచి, అందరూ బయటికి రావాలి. బ్రిటన్‌లో గ్యాస్ అత్యవసర నంబరు 0800 111 999 కు ఫోన్ చేయాలి.

మెకానిక్ వచ్చేదాకా

చలికి తట్టుకోలేక వంట పొయ్యి వెలిగించి తలుపులు మూసుకోవడం, బార్బెక్యూ బొగ్గులను లోపలికి తేవడం ఆగిపోయిన బాయిలర్ ఇబ్బందిని చేజేతులా ప్రమాదంగా మార్చుకోవడమే. బూడిద పట్టి, మంట లేకుండా ఎర్రగా ఉన్న బొగ్గులు చూడడానికి నెమ్మదిగా ఉంటాయి, మోనాక్సైడ్‌ను మాత్రం విపరీతంగా వదులుతాయి. ఉత్తరాదిన మూసిన గదుల్లో కుంపటి పెట్టుకుని నిద్రపోయినవారి మరణాలు చలికాలంలో వార్తల్లో వింటూనే ఉంటాం.

సురక్షితమైన దారి ఇంటినంతా వదిలి ఒక గదిని కాపాడుకోవడం. ఉష్ణనష్టం లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాకు అనులోమంగా ఉంటుంది. ఒక గది డిగ్రీకి 50 వాట్లు కోల్పోతోందనుకుందాం. బయట సున్నా, లోపల 18 కావాలంటే 900 వాట్లు చాలు. ఒక మామూలు విద్యుత్ హీటర్ ఇవ్వగలిగినంతే. మనిషి శరీరం కూడా సుమారు 100 వాట్ల వేడిని వదులుతుంది కాబట్టి అందరూ ఆ గదిలోనే ఉండడం లాభమే. తలుపు కింది సందును గుడ్డతో మూసి, చీకటి పడగానే తెరలు వేయాలి. హీటర్‌ను గోడ సాకెట్‌కే తగిలించాలి. ఎక్స్‌టెన్షన్ తీగ వేడెక్కి నిప్పంటుకోవచ్చు. దాని మీద బట్టలు ఆరేయకూడదు.

ఇల్లు మరీ చల్లబడితే గొట్టాల్లోని నీరు గడ్డకట్టి 9 శాతం వ్యాకోచిస్తుంది. గొట్టం పగిలిన సంగతి మంచు కరిగాకే బయటపడుతుంది. అందువల్ల ఇంటికి నీరు వచ్చే ప్రధాన వాల్వు ఎక్కడుందో ముందే చూసి ఉంచుకోవాలి.

మన స్నానాల గదికి వర్తించే పాఠం

ఇదంతా ఎక్కడో చలి దేశాల సంగతి అనుకోనక్కరలేదు. మన నగరాల్లో ఎల్పీజీతో నడిచే గ్యాస్ గీజర్లు ఉన్నాయి. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడి చేయాలంటే పది కిలోవాట్లకు పైగా శక్తి కావాలి. అంత మంట రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తున్న స్నానాల గదిలో పది నిమిషాలు మండిందనుకుందాం. బయటి గాలి అసలు రాకపోతే గదిలోని ఆక్సిజన్‌లో దాదాపు నాలుగో వంతు ఖర్చవుతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మోనాక్సైడ్ పెరుగుతుంది. స్నానం చేస్తున్న మనిషికి కళ్లు తిరిగేసరికి గడియ తీసే శక్తి కూడా ఉండదు. ఇలాంటి మరణాలు మన దేశంలో మళ్లీ మళ్లీ నమోదవుతున్నాయి.

పరిష్కారం సులువు. గ్యాస్ గీజర్‌ను స్నానాల గది బయట, గాలి ఆడే చోట పెట్టి వేడినీటి గొట్టాన్ని మాత్రమే లోపలికి తేవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అనుకోవడం చాలదు. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఫ్యాన్ తిరిగినా ఉపయోగం తక్కువ. ఎవరైనా స్నానాల గదిలో పడిపోతే ముందు తలుపు తీసి వారిని స్వచ్ఛమైన గాలిలోకి తేవాలి, 108 కు ఫోన్ చేయాలి. ఎల్పీజీ లీకైతే 1906 కు ఫోన్ చేయవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

• బాయిలర్ ఆగిపోతే కంగారు వద్దు. ముందు కోడ్, పీడనం ముల్లు, బయటి గొట్టం చూడాలి.

• రీసెట్ ఒకటి రెండుసార్లే. పైకప్పు విప్పే పని అర్హత ఉన్న మెకానిక్‌దే.

• వెచ్చదనం కోసం ఇంట్లో బొగ్గులు, కుంపటి, వంట గ్యాస్ వాడకూడదు.

• ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే ముందుగా బయటికి రావాలి, కారణం తర్వాత వెతకవచ్చు.

• ఇంధనం మండే పరికరం ఉన్న ఇంట్లో మోనాక్సైడ్ అలారం ఉండాలి. దాని మీద రాసిన గడువు తేదీ దాటితే మార్చాలి.

చల్లబడిన రేడియేటర్ మనల్ని నిద్ర లేపుతుంది, మెకానిక్‌ను పిలిపిస్తుంది. వెచ్చగా ఉన్న గదిలో చేరే మోనాక్సైడ్ ఎవరినీ నిద్ర లేపదు. అందుకే చలికాలం మొదలయ్యే ముందు, అన్నీ బాగానే పనిచేస్తున్నప్పుడే, ఒకసారి తనిఖీ చేయించుకోవాలి.